సెంటెండ్రెలో చూసిన సెర్బుల కథకు తరువాయి నోవీ సాద్‌లో దొరుకుతుందా?

ప్రశ్న: బుడాపెస్ట్ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను రెండేళ్ళుగా బుడాపెస్ట్‌లో చదువుకుంటున్నాను. ఈ మధ్య ఒక ఆదివారం నగరానికి ఉత్తరాన డాన్యూబ్ ఒడ్డున ఉన్న సెంటెండ్రె అనే చిన్న ఊరికి వెళ్ళాను. అది హంగరీ ఊరే అయినా, దాని నడిబొడ్డున ఉన్న కూడలిలో సెర్బు వర్తకులు 1763లో నిలిపిన శిలువ ఉంది. కాస్త పైకి నడిస్తే బెల్‌గ్రేడ్ పేరుతో పిలిచే సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చి, దాని పక్కనే చర్చి వస్తువులను భద్రపరచిన మ్యూజియం కనిపించాయి. అక్కడి పటాలు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. పాత పటాల్లో మేరీమాత ముఖం బంగారు రంగు నేపథ్యం మీద నిశ్చలంగా, పెద్ద కళ్ళతో ఉంది. కొన్ని తరాల తర్వాత వేసిన పటాల్లో అదే తల్లి బుగ్గల మీద రక్తం కదులుతున్నట్టు, కట్టుకున్న వస్త్రం గాలికి మడతలు పడినట్టు ఉంది. ఒకే మతం, ఒకే ప్రజలు, ఒకే తల్లి బొమ్మ. అయినా అంత మార్పు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

1690లో దక్షిణం నుంచి వలస వచ్చిన సెర్బులు ఇక్కడ స్థిరపడ్డారని అక్కడివారు చెప్పారు. ఆ కథను సెర్బియాలోనే ఒక చోట మొదటి నుంచి చూడాలనుకుంటున్నాను. బెల్‌గ్రేడ్‌లోని జాతీయ మ్యూజియానికి వెళ్ళమని కొందరు, సెర్బియా ఉత్తర ప్రాంతమైన వోయ్వొదినా పేరుతో నోవీ సాద్‌లో ఉన్న వోయ్వొదినా మ్యూజియానికి వెళ్ళమని మరికొందరు అంటున్నారు. నోవీ సాద్ సంగ్రహానికి పునాది పడింది ఇక్కడ, నేటి బుడాపెస్ట్‌లో భాగమైన పెస్ట్‌లోనే అని కూడా ఎక్కడో చదివాను. ఒక దేశపు వారసత్వ సంపదను పొరుగు రాజ్యపు నగరంలో ఎందుకు పోగుచేయవలసి వచ్చింది? నా చేతిలో రెండు రోజులు మాత్రమే ఉన్నాయి కనుక, చూసినవారు గాని, ఆ చరిత్ర చదివినవారు గాని దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు

అమ్మా, మీరు చదివినది నిజమే. ఈ ప్రశ్న సెంటెండ్రె నుంచి మొదలుకావడం నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే నోవీ సాద్ మ్యూజియం పుట్టుకకు మూలం మీరు నడిచిన ఆ వీధుల్లోనే ఉంది.

ఆస్ట్రియా చక్రవర్తి సేనలు 1689లో ఒట్టోమన్ల మీద గెలుస్తూ దక్షిణాన చాలా దూరం వెళ్ళినప్పుడు, అక్కడి సెర్బులలో ఎందరో వారి పక్షాన నిలిచారు. మరుసటి ఏడాది ఆ సేనలు వెనక్కు తగ్గాయి. సాయం చేసినవారికి సొంత ఊళ్ళలో నిలువనీడ లేకుండా పోయింది. సెర్బు చర్చి అధిపతి అయిన పాత్రియార్క్ మూడవ ఆర్సెనియె చార్నోయెవిచ్ వెంట వేలాది కుటుంబాలు సావా, డాన్యూబ్ నదులు దాటి ఉత్తరానికి వచ్చాయి. చక్రవర్తి మొదటి లియోపోల్డ్ 1690 ఆగస్టులో ఇచ్చిన పత్రం ద్వారా వారికి మతాచార స్వేచ్ఛ, తమ మతపెద్దను తామే ఎన్నుకొనే హక్కు దక్కాయి. అంటే ఆ ప్రజలకు అక్కడ రాజ్యం లేదు, రాజు లేడు, సొంత పాలన లేదు. చేతిలో ఉన్నది చర్చి ఒక్కటే. అందుకే బడి, పుస్తకం, చిత్రకళ అన్నీ చర్చి నీడనే పెరిగాయి. మీరు చూసిన పటాలను మతపరమైన అలంకరణగా మాత్రమే చూడవద్దు. ఆ రోజుల్లో వారికి అవే చరిత్ర గ్రంథాలు కూడా.

మీరు గమనించిన మార్పుకు కారణం ఇక్కడే ఉంది. వలస వచ్చిన తొలి తరాల చిత్రకారులు మీరు పాత పటాల్లో చూసిన బంగారు నేపథ్యం, నిశ్చల ముఖాల బైజాంటిన్ పద్ధతినే పట్టుకొని ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దం నడిమి నాటికి పరిస్థితి మారింది. ఒకవైపు కీవ్ నుంచి వచ్చిన చిత్రకారుల ప్రభావం, మరోవైపు వియన్నాలో విరివిగా కనిపించే, కదలిక నిండిన బరోక్ చిత్రాల ప్రభావం కలిసి సెర్బు చర్చిలలోకి ప్రవేశించాయి. నోవీ సాద్‌కు పది కిలోమీటర్ల దూరంలో స్రెమ్‌స్కీ కార్లోవ్‌త్సీ అనే ఊరు ఉంది. ఆస్ట్రియా చక్రవర్తుల వంశమైన హాబ్స్‌బర్గ్‌ల రాజ్యంలోని సెర్బు చర్చికి అదే ప్రధాన పీఠం. అక్కడి పెద్ద చర్చిలో గర్భాలయాన్ని భక్తుల నుంచి వేరుచేసే చిత్రాల తెరను 1780, 1781 సంవత్సరాలలో తెయొదోర్ క్రాచున్, యాకొవ్ ఓర్ఫెలిన్ కలిసి చిత్రించారు. సెంటెండ్రెలో మీకు కలిగిన సందేహానికి ఆ తెర ముందు నిలబడితే కంటికి ఆనే సమాధానం దొరుకుతుంది. పాత కట్టుబాటు ప్రకారం ఏ బొమ్మ ఏ వరుసలో ఉండాలో ఆ వరుసలోనే ఉంటుంది, కాని ఆ మనుషుల ఒంట్లోకి వెలుగు, బరువు, కదలిక వచ్చి చేరాయి.

ఇక పెస్ట్ సంగతికి వస్తాను. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సంపన్నులైన సెర్బు వర్తకులు పెస్ట్‌లో ఎక్కువగా ఉండేవారు. నదికి అవతల బుడాలోని విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి సెర్బియన్ భాష రాసే సిరిలిక్ లిపిలో పుస్తకాలు అచ్చువేసే అధికారం ఉండేది. డబ్బు, అచ్చుయంత్రం, చదువుకున్న యువకులు ఒకే చోట దొరికిన నగరం అది. 1826లో యొవాన్ హాజిచ్ అనే యువకుడు, కొందరు వర్తకులు కలిసి అక్కడ మాతిత్సా సర్ప్‌స్కా అనే సంస్థను స్థాపించారు. మాతిత్సా అంటే సెర్బియన్ భాషలో తేనెపట్టులోని రాణి ఈగ. ఆ పేరు పెట్టినవారి మనసు నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది: చెల్లాచెదురైన ఈగలు తిరిగి ఒక పట్టు కట్టుకోవాలంటే ముందు రాణి ఉండాలి కదా. ఆ సంస్థ ముందు పుస్తకాలు, పత్రిక ప్రచురించింది. ఆ తర్వాత 1847లో దాని కార్యదర్శి తెయొదోర్ పావ్లొవిచ్ చొరవతో, పాత నాణేలు, రాతప్రతులు, చిత్తరువులు, తవ్వకాల్లో దొరికిన వస్తువులు సేకరించి సెర్బు ప్రజల మ్యూజియం ఒకటి ఏర్పాటు చేయాలని తీర్మానించింది.

దీనిని బెల్‌గ్రేడ్‌తో పోల్చి చూడండి. అక్కడి జాతీయ మ్యూజియం 1844లో, స్వయంపాలన సాధించుకున్న సెర్బియా ప్రభుత్వపు ఉత్తర్వుతో పుట్టింది. ఆ ఉత్తర్వు వెనుక ఉన్న యొవాన్ స్తెరియా పొపొవిచ్ కూడా హాబ్స్‌బర్గ్ రాజ్యంలోని వర్షాత్స్‌లో పుట్టినవాడే. మూడేళ్ళ తేడాతో ఒకే ప్రజలకు రెండు మ్యూజియాల ఆలోచన వచ్చింది: ఒకటి ప్రభుత్వ ఖజానా నుంచి, రెండోది వర్తకుల చందాల నుంచి. ఆ రెండో దారి చాలా కష్టమైనది. మాతిత్సా 1864లో నోవీ సాద్‌కు తరలివచ్చింది. ఆ నగరం అంతకు పదిహేనేళ్ళ ముందు, 1849 జూన్‌లో, పెట్రొవారాదిన్ కోట నుంచి హంగేరియన్ తిరుగుబాటు సేన కురిపించిన ఫిరంగి గుండ్లకు చాలావరకు కూలిపోయి, అప్పుడప్పుడే తిరిగి లేస్తోంది. చివరికి మ్యూజియం తలుపులు జనానికి తెరుచుకున్నది 1933లో, అంటే తీర్మానం చేసిన 86 ఏళ్ళకు. ఈ మధ్యకాలంలో ఆ వస్తువులను పెట్టెల్లో, గ్రంథాలయపు గదుల్లో కాపాడుతూ వచ్చినవారి ఓపికను తక్కువగా చూడలేము.

1947లో వోయ్వొదినా మ్యూజియం ఏర్పడినప్పుడు ఆ పాత సంగ్రహంలోని పురావస్తువులు, జానపద వస్తువులు దానికి మూలధనమయ్యాయి. చిత్రాలు మాతిత్సా సర్ప్‌స్కా గ్యాలరీ దగ్గరే ఉండిపోయాయి. అందువల్ల మీ కథ కోసం నోవీ సాద్‌లో ఈ రెండు చోట్లకూ వెళ్ళాలి. బెల్‌గ్రేడ్ మ్యూజియం పెద్దది, మంచిది, తప్పక చూడవలసినది. కాని 1690లో నది దాటినవారి కథ మీకు కావాలంటే ముందు నోవీ సాద్‌కే వెళ్ళమని నా సలహా.

సమాధానం: శాసనాల మీద ఆసక్తి గల ఇంజనీరు

పై సమాధానం చదివాక వలస కథ గురించి నేను చేర్చవలసింది ఏమీ లేదు. ఉద్యోగరీత్యా బెల్‌గ్రేడ్‌లో ఉన్న కాలంలో నేను వోయ్వొదినా మ్యూజియానికి మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ ఒకే గది కోసం వెళ్ళాను. ఆ గది గురించి చెప్తాను.

అక్కడ బంగారు పూత పూసిన మూడు రోమన్ శిరస్త్రాణాలు ఉన్నాయి. రెండు 1955లో షీద్ పట్టణానికి దగ్గరలోని బెర్కాసొవొ గ్రామంలో దొరికాయి, మూడోది స్రెమ్‌స్కా మిత్రొవిత్సా దగ్గరి యారాక్ గ్రామానిది. స్రెమ్‌స్కా మిత్రొవిత్సా అంటే ఒకప్పటి సిర్మియం, రోమన్ సామ్రాజ్యాన్ని నలుగురు పాలకులు పంచుకున్న రోజుల్లో వారి రాజధానులలో ఒకటి. మూడూ నాలుగో శతాబ్దానికి చెందినవి. అద్దాల బీరువా ముందు మొదటిసారి నిలబడినప్పుడు అవి గట్టి బంగారంతో చేసినవేమో అనుకున్నాను. నిజానికి లోపల ఉండేది ఇనుము. దాని మీద పల్చని వెండి రేకు తొడిగి, ఆ రేకుకు బంగారు నీరు పట్టించారు. ఇనుము మట్టిలో తుప్పుపట్టి చాలావరకు పోయింది, పైరేకు మాత్రం నిలిచింది. అంటే దెబ్బను ఆపవలసిన భాగం కరిగిపోయి, హోదాను చాటే భాగం పదహారు వందల ఏళ్ళు బతికింది. తలకు రెండు వైపులా రెండు అర్ధభాగాలు, వాటిని కలుపుతూ నుదుటి నుంచి మెడ వరకు ఒక గట్టు, ముక్కుకు ఒక పట్టీ, చెంపలకు రేకులు, మెడను కాపాడే పలక. ఈ అమరిక గల శిరస్త్రాణాలను ఎక్కడ దొరికినా పురావస్తు పండితులు బెర్కాసొవొ తరహా అనే పిలుస్తారు. ఒక చిన్న గ్రామం పేరు ప్రపంచమంతటా చదివే పుస్తకాల్లోకి ఎక్కింది.

బెర్కాసొవొ శిరస్త్రాణాలలో ఒకదాని మీద రత్నాలలాగా కనిపించే రంగు గాజు బిళ్ళలు పొదిగి ఉంటాయి. దాని అంచు మీద గ్రీకు అక్షరాలు ఉన్నాయి. వాటి భావం “డిజ్జో, ఆరోగ్యంగా ధరించు” అని. చేసిన పనివాడి పేరు కూడా ఉంది, అవితుస్. మన ఇళ్ళలో కొత్త బట్టలు కట్టుకొని కాళ్ళకు దండం పెట్టినప్పుడు పెద్దలు దీవించే తీరు గుర్తుకు వచ్చి నాకు ఒళ్ళు పులకరించింది. ఆ డిజ్జో ఎవరో, ఏ యుద్ధంలో దాన్ని ధరించాడో చెప్పే మరో ఆధారం ఆ వస్తువు మీద లేదు. అతని పేరు, అతనికి అందిన ఆ దీవెన మాత్రం ఉన్నాయి. రెండో శిరస్త్రాణం మీద లాటిన్‌లో లికినియుస్ చక్రవర్తి విజయాన్ని తలచే మాటలు కొంత చెరిగిపోయి కనిపిస్తాయి. ఆ లికినియుసే తర్వాత ఈ ప్రాంతాన్ని కాన్‌స్టాంటిన్‌కు కోల్పోయాడు. కాన్‌స్టాంటిన్ పుట్టింది కూడా నేటి సెర్బియాలోని నీష్ నగరంలోనే.

సెర్బుల వారసత్వం అడిగితే రోమన్ల గురించి చెప్తున్నారేమిటి అని అనుకోవద్దు. ఈ నేల మీద ఎవరు ఎవరి తర్వాత వచ్చారో ఆ మ్యూజియం దాచకుండా చూపిస్తుంది. అందుకే నాకు ఆ మ్యూజియం మీద అంత గౌరవం. ఆ గదిలో కనీసం ఒక గంట ఉండండి, శిరస్త్రాణాల చుట్టూ తిరిగి అక్షరాలు ఉన్న వైపు నుంచి చూడండి.

సమాధానం: నోవీ సాద్‌లో చదివిన వైద్యుడు

ఇద్దరు మిత్రులూ చెప్పినదానికి రెండు మూడు మాటలు చేరుస్తాను.

మొదటిది, పేర్ల గందరగోళం. నది అవతల పెట్రొవారాదిన్ కోటలో ఉన్నది నోవీ సాద్ నగర మ్యూజియం, అది వేరే సంస్థ. వోయ్వొదినా మ్యూజియం ఇవతలి ఒడ్డున దునావ్‌స్కా వీధిలో 35, 37 నంబర్ల భవనాలలో ఉంది. 35వ నంబరు పంతొమ్మిదో శతాబ్దపు చివర న్యాయస్థానం కోసం కట్టిన పాత భవనం. పక్కనున్న 37వ నంబరు అప్పటి విప్లవ మ్యూజియం కోసం వాస్తుశిల్పి ఇవాన్ వీతిచ్ రూపకల్పన చేసిన ఆధునిక కట్టడం. ఈ రెండు మ్యూజియాలనూ 1992లో ఒకటి చేశారు. నేను చదువుకొనే రోజుల్లో, చూడటానికి వచ్చిన మా బంధువులను తీసుకొని పొరపాటున కోటకు వెళ్ళి, శిరస్త్రాణాలు ఎక్కడ అని అడిగి తిరిగివచ్చిన అనుభవంతో ఈ మాట చెప్తున్నాను.

రెండోది, ఇది సెర్బుల మ్యూజియం మాత్రమే అనుకొని లోపలికి వెళ్తే సగం అర్థం కాదు. వోయ్వొదినాలో సెర్బియన్, హంగేరియన్, స్లొవాక్, రొమేనియన్, క్రొయేషియన్, రుసిన్ అనే ఆరు భాషలకు అధికార హోదా ఉంది. జానపద విభాగంలో పెళ్ళి దుస్తులు, పెట్టెలు, మగ్గపు నేతలు చూస్తున్నప్పుడు ఏది ఎవరిదో పక్కనున్న పలక చదివి తెలుసుకోండి. సెర్బు స్త్రీలు ధరించిన బంగారు దారపు కుట్టుపని టోపీల దగ్గర కాస్త ఆగండి. దూరం నుంచి రేకు అతికించినట్టు ఉంటుంది, దగ్గరికి వెళ్తే ఒక్కొక్క పోగూ విడిగా కనిపిస్తుంది.

మూడోది, రెండో ప్రపంచ యుద్ధపు భాగాన్ని తప్పించుకొని రావద్దు. 1942 జనవరిలో హంగేరియన్ ఆక్రమణ సేనలు నోవీ సాద్‌లో యూదులను, సెర్బులను వెయ్యిమందికి పైగా చంపాయి. ఎందరినో గడ్డకట్టిన డాన్యూబ్‌లో మంచును పగలగొట్టి తోసేశాయి. నది ఒడ్డున యొవాన్ సొల్దాతొవిచ్ చెక్కిన కుటుంబం అనే కంచు శిల్పం ఉంది, మ్యూజియం నుంచి నడిచి వెళ్ళవచ్చు. మీరు బుడాపెస్ట్‌లో ఉంటున్నారు కనుక ఈ అధ్యాయం మీకు వేరే విధంగా తగులుతుంది. నాకు తెలిసిన హంగేరియన్ సహాధ్యాయి ఒకరు ఆ శిల్పం దగ్గర ఏమీ మాట్లాడకుండా చాలాసేపు నిలబడడం నేను చూశాను.

మళ్ళీ ప్రశ్న: బుడాపెస్ట్ విద్యార్థిని

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. మొదటి రోజు నోవీ సాద్, వీలుంటే సాయంత్రం కార్లోవ్‌త్సీ అని నిశ్చయించుకున్నాను. ఒక చిన్న సందేహం మిగిలింది. 1690 వలస గురించి వెతికినప్పుడల్లా ఒకే చిత్రం ఎదురవుతోంది. మధ్యలో గుర్రం మీద పాత్రియార్క్, చుట్టూ ఆయుధాలు పట్టిన మనుషులు, వెనుక కనుచూపు మేర జనం. కొన్ని ప్రతుల్లో గొర్రెల మంద ఉంది, కొన్నింటిలో లేదు. ఏది అసలైనది? అది మాతిత్సా గ్యాలరీలో ఉందా?

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు

అమ్మా, మంచి పరిశీలన. రెండూ అసలైనవే, రెండూ పాయా యొవానొవిచ్ చేతివే. ఏదీ నోవీ సాద్‌లో లేదు.

1896లో బుడాపెస్ట్‌లో హంగరీ వెయ్యేళ్ళ ఉత్సవ ప్రదర్శన జరిగింది. అందులో సెర్బుల తరఫున పెట్టడానికి వలస చిత్రం వేయమని పాత్రియార్క్ గెయొర్గియె బ్రాంకొవిచ్ యొవానొవిచ్‌ను కోరాడు. చిత్రకారుడు మొదట వేసినదానిలో గొర్రెల మంద ఉంది, బిడ్డను ఎత్తుకొన్న తల్లి ఉంది. ఇల్లు వదిలి వచ్చే జనం ఎలా ఉంటారో అలాగే వేశాడు. పాత్రియార్క్‌కు అది నచ్చలేదు. తమ పూర్వులు ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారుగా కాక, చక్రవర్తి పిలుపు మీద ఆయుధాలతో వచ్చినవారుగా కనిపించాలన్నది ఆయన పట్టుదల. హాబ్స్‌బర్గ్ రాజ్యంలో సెర్బులకు ఉన్న హక్కులన్నీ ఆ 1690 పత్రం మీదే ఆధారపడి ఉన్నాయి కనుక, ఆయన పట్టుదలకు రాజకీయ కారణం బలంగానే ఉంది. మందను, తల్లీబిడ్డలను తీసివేసి, ఆ చోట్లలో యోధులను నింపి యొవానొవిచ్ మరో ప్రతి సిద్ధం చేశాడు. అది బెల్‌గ్రేడ్‌లో పాత్రియార్క్ పీఠంలో ఉంది. గొర్రెలున్న మొదటి ప్రతి బెల్‌గ్రేడ్‌కు దగ్గరలోని పాన్చెవొ పట్టణపు మ్యూజియంలో ఉంది.

నా అభిప్రాయం దాచుకోను: నాకు పాన్చెవొ ప్రతే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. హక్కుల పత్రంలో గొర్రెలకు చోటు ఉండదు, కాని వేల కుటుంబాలు నడిచిన దారిలో పాలిచ్చే పశువు లేకుండా పసిబిడ్డలు బతకరు. అయినా పాత్రియార్క్‌ను తప్పుపట్టలేను, తన ప్రజల హక్కులు నిలవాలని ఆయన తపించాడు. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, 1690ని 1896 నాటి మనుషులు ఎలా గుర్తుంచుకోవాలనుకున్నారో తెలుస్తుంది.

మీ రెండో రోజును పాన్చెవొకు కేటాయించండి. అక్కడి మ్యూజియం 1923లో మొదలైంది, ఊరి పాత పురపాలక భవనంలో ఉంటుంది. కొత్తరాతియుగపు స్తార్చెవొ సంస్కృతికి పేరు ఇచ్చిన గ్రామం ఆ పట్టణం పక్కనే కనుక, ఆ కాలపు కుండలు కూడా అక్కడ ఉన్నాయి. యొవానొవిచ్ మీద ఇంకా ఆసక్తి మిగిలితే ఆయన సొంత ఊరు వర్షాత్స్‌లోని మ్యూజియంలో మూడు భాగాల పెద్ద చిత్రం ఉంది, అది వేరే ప్రయాణానికి ఉంచుకోండి. బయలుదేరే ముందు పాన్చెవొ మ్యూజియానికి ఫోన్ చేసి, వలస చిత్రం ఆ రోజు గోడ మీద ఉంటుందా, ఇతర ప్రదర్శనలకు పంపారా అని తప్పక కనుక్కోండి. ఇంత దూరం వెళ్ళి ఖాళీ గోడ చూసి రాకూడదు.